మూసీ ఊపిరి

తప్పంతా అమూల్యదే. 'రెస్పిరేషన్' అని ఇంగ్లీషులో చెప్పి ఊరుకుంటే మామగారు జనార్ధనరావు "అట్లనా" అని పేపరు తిప్పేసేవారు. నీళ్లు పరీక్షించే ల్యాబులో ఉద్యోగమైతే మాత్రం ఇంట్లోనూ ఇంగ్లీషెందుకని, ఓ సాయంత్రం టీ దగ్గర నోరు జారింది.

"మూసీ మస్తు ఊపిరి పీల్చుకుంటుంది మామయ్యా."

ఆమె చెప్పదలచుకుంది వేరు. పగలు ఎండకు నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. చీకటి పడితే తయారీ బంద్. మురుగు తినే సూక్ష్మజీవులు పీల్చడం మాత్రం ఆగదు. ఉప్పల్ దగ్గర మూసీకి సంపాదన తక్కువ, ఖర్చెక్కువ.

నాచారంలో కాలనీ సంఘం అధ్యక్షుడైన మామగారికి మాత్రం, మూసీ ఇన్నాళ్లకు హమ్మయ్య అనుకుందని అర్థమైంది. వారం తిరక్కుండా ఉప్పల్ వంతెన దగ్గర ఫ్లెక్సీ లేచింది: 'ఊపిరి పీల్చుకున్న మూసీ! చేపపిల్లలను వదిలే కార్యక్రమం. నిర్ధారించినవారు: శాస్త్రవేత్త అమూల్య.' పక్కనే ఆమె పెళ్లినాటి ఫొటో.

అది చూసి అమూల్య ఇంటికి పరుగెత్తింది. ఆ నీళ్లలో తెల్లారేసరికి చేప బతకదని ల్యాబులో రిపోర్టు రాసింది తనే. ఇక చేపలూ పోతాయి, తన పేరూ పోతుంది.

"ఆపుండ్రి మామయ్యా. తెల్లారగట్ల ఆక్సిజన్ ఎంతుందో సూసినంకనే వదులుదాం."

"తెల్లారగట్ల ఎవరొస్తరు బిడ్డా? పేపరోళ్లు మధ్యాహ్నమొస్తమన్నరు."

వచ్చారు. ఆమెతో ఆక్సిజన్ మీటరు నీళ్లలో ముంచించారు. మండే ఎండ, నీళ్ల నిండా నాచు, ఇంకేం, అంకె దండిగా వచ్చింది. "సూసిన్రా, మా కోడలు!" అని మామగారు మీసం దువ్వారు. ఆ తర్వాత ఆమె ఏం చెప్పినా చప్పట్లలో కలిసిపోయింది. చేపపిల్లలు నీళ్లలో పడుతుంటే అమూల్యకు ఏడుపు ఆగలేదు. పేపరులో అవి ఆనందబాష్పాలయ్యాయి.

మర్నాడు తెల్లవారుతుండగా మామగారిని స్కూటీ మీద తీసుకెళ్లింది. చేపపిల్లలు వెల్లకిలా తేలుతున్నాయి. మీటరు సున్నా చూపించింది.

"ఊపిరి పీల్చుకుంటుందంటివి గద బిడ్డా..."

"అవును మామయ్యా. ఉన్నదంతా పీల్చుకుంది."

ఆయన ఫ్లెక్సీ దగ్గరికి నడిచి, కోడలి పేరున్న వైపు తాడు పట్టుకున్నారు. వాకింగుకు వచ్చినాయన ఎవరో ఆగి చేతులు జోడించాడు.

"పేపర్ల సూసిన సార్! మూసీని బతికించిన్రు!"

జనార్ధనరావు గారు తలెత్తలేదు. బిగిసిపోయిన ముడిని పళ్లతో లాగుతున్నారు.