ఇల్లు ఎంతకు పోయింది?

అప్పు కట్టలేదని ఫైనాన్స్ కంపెనీ మనుషులు తలుపుకు సీలు వేస్తుంటే నీలి పక్కింటి అరుగు మీద కూర్చుని మొగుడి సంచి సర్దింది. రెండు లుంగీలు, దుప్పటి, జొన్నరొట్టెలు, కారం. లింగ్యా భూపాలపల్లికి, బొగ్గు గనిలో మట్టి తీసే కాంట్రాక్టరు దగ్గరికి కూలికి పోతున్నాడు.

"తీజ్ పండుగకు వస్త," అన్నాడు. తలుపు వైపు మాత్రం చూడలేదు.

అప్పు కింద ఇల్లు వేలానికి పోయినవాళ్లు అటు చూడరు. ఎంతకు పోయిందని అడగరు. అడిగితే ఉన్న పరువూ పోతుందని పెద్దవంగర చుట్టుపక్కల అందరికీ భయం. కంపెనీ బతికేది ఆ సిగ్గు మీదే.

ముందుగా సిగ్గు విడిచింది యాదమ్మ. ఆమె ఇల్లూ వేలంలోనే పోయింది. మహిళా సంఘం పుస్తకాలు రాస్తూ రాస్తూ చదువు నేర్చిన మనిషి. కొన్నవాడి రిజిస్ట్రేషన్ నకలు తీయించి చూసింది. అప్పు, వడ్డీ, ఖర్చులు పోను సగం సొమ్ము మిగిలింది. అది ఇంటివాళ్లకే చెందాలని చట్టం. కంపెనీ ఇచ్చింది లేదు. ఆమె తిరిగి తిరిగి, తనదీ నీలిదీ కలిపి, అలాంటివే ఏడు ఇళ్లు తేల్చింది. తన వంతు వస్తే నీలి తండాలో రెండు గదులు వేసుకుంటుంది. లింగ్యా ఇల్లు చేరతాడు.

ఏడు ఇళ్లవాళ్లూ కలిసి పోతే, కంపెనీ మహబూబాబాద్ ఆఫీసులో మేనేజర్ ఒక్కొక్కరినే లోపలికి రమ్మన్నాడు. 'నాకు రావలసింది ఏమీ లేదు' అని రాసిన కాగితం బల్ల మీద సిద్ధంగా ఉంది.

"ఒక్కలం రాం సారూ. మా సంఘంల అందరు కూసుంటెనే సంతకం," అంది యాదమ్మ.

"ఇల్లు పోగొట్టుకున్నోళ్లకు గింత పౌరుషమా? మీ ధరలు బజార్ల చెప్పాల్నా?"

నీలి లేచి బయటి మెట్ల మీద నిలబడింది.

"నువ్వెందుకు, నేనే చెప్త. నా ఇల్లు తొమ్మిది లక్షలకు పోయింది. బాకీ నాలుగున్నర. కడమది ఏడున్నది?"

ఆమె వెనక ఒక్కొక్కరే గొంతు విప్పారు. బజారు ఆగి విన్నది. వాయిదా కట్టడానికి వచ్చిన ఇమ్మానుయేల్ అనే అతను తన అన్న ఇల్లు కూడా రాసుకోమన్నాడు. పోలీసులు నీలిని, యాదమ్మను వ్యాన్ ఎక్కించారు. మిగతావాళ్లు వ్యాన్ కదలకుండా చక్రాల ముందు కూర్చున్నారు. సాయంత్రానికి పోలీసులు ఇద్దరినీ దించారు, మేనేజర్ ఏడు ఇళ్ల లెక్కా రాసి ముద్ర కొట్టాడు. అప్పు కాగితం మీద లింగ్యా పేరూ ఉంది కాబట్టి నీలి సొమ్ముకు అతని సంతకం కూడా కావాలన్నాడు.

కాంట్రాక్టరు సెలవివ్వలేదని, అయినా ఐతారం పొద్దటి బస్సుకు వస్తానని లింగ్యా ఫోన్లో చెప్పాడు.

ముందురోజు శనివారమే గనిలో మట్టికట్ట అతని మీద కూలింది.

కాంట్రాక్టరు గేటు దగ్గర కూడా నీలిని ఒక్కదాన్నే లోపలికి రమ్మన్నారు. అక్కడా ఒక కాగితం ఉంది. ఆమె వెనక పెద్దవంగర ఆడవాళ్లు అరవై మంది.

"అందరం వస్తం," అంది నీలి. "నా మొగని పానం ఎంతకు కట్టిన్రో బజార్లనే చెప్పున్రి."

లింగ్యా ప్రాణంతో తిరిగి రాలేదు. అతను పోయింది 2024 జులై 20, శనివారం.