గౌరీశ్వరి వేసిన అతుకు

ఉక్కు ఫ్యాక్టరీకి పొలం పోయిన ఇంటికి ఒక ఉద్యోగం అన్నారు. జగ్గారావుకి కొడుకులు లేరు. ఒక్కతే కూతురు, గౌరీశ్వరి. ఐటీఐలో వెల్డింగు నేర్చుకుంది. అయినా ఆ ఉద్యోగం తన కొడుకు వీర్రాజుకే రావాలని జగ్గారావు చెల్లెలి మొగుడు శ్రీరామ్మూర్తి పట్టుబట్టాడు.

"ఆడకూతురు ముకానికి డబ్బా ఎట్టుకుని ఇనుం అతికిత్తాదా? నవ్వుతారు బావా!"

జగ్గారావు తలూపాడు. అతను తలూపితే మాట ఇచ్చినట్టే.

"నానూ పరీచ్చకొత్తాను నాన్నా. ఎవుల పేరు రాత్తావో నీ ఇష్టం," అంది గౌరీశ్వరి. దానికీ తలూపాడు.

ఫ్యాక్టరీ వాళ్ళు పెట్టే పరీక్షలో రెండు ఇనప పలకల్ని అతికించాలి. అతుకును బిగించి సుత్తితో కొట్టి వంచుతారు. బీట తీస్తే పోయినట్టే. కొట్టేది ఫోర్‌మన్ గులాం మొహమ్మద్.

వీర్రాజు పలక వంగింది, బీట తీయలేదు. గౌరీశ్వరిదీ అంతే. ఫోర్‌మన్ ఆమె పలకను తిప్పి తిప్పి చూశాడు.

"ఎవరు వేసిచ్చారమ్మా?"

"నానే ఏసేను."

"ఐతే ఇంకోటి వెయ్. నా ఎదట."

వీర్రాజుని మళ్ళీ వెయ్యమనలేదు. అది జగ్గారావు చూశాడు.

గౌరీశ్వరి ఖాకీ చొక్కా చేతులు దించుకుని, ముఖానికి వెల్డింగు అద్దం పెట్టుకుంది. వెలుగు చూడొద్దని అక్కడివాళ్ళు అరుస్తున్నా జగ్గారావు వేళ్ళ సందుల్లోంచి చూశాడు. నాగలి సాలు ఎంత తిన్నగా పోవాలో అతనికి తెలుసు. ఆ అతుకు అలా పోయింది.

ఫోర్‌మన్ ఈసారి పెద్ద సుత్తి తీశాడు. ఏడు దెబ్బలు కొట్టాడు. పలక రెండుగా మడతపడింది. అతుకు చెక్కుచెదరలేదు.

"షాబాష్ బేటీ," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "అనుమానపడ్డాను. తప్పు నాదే."

ఉద్యోగం ఎవరికివ్వాలో పేరు రాసే కాగితం జగ్గారావు ముందుకొచ్చింది.

"ఇద్దరూ పాసే గదా బావా. మగోడి పేరు రాసీ," అన్నాడు శ్రీరామ్మూర్తి.

జగ్గారావు కలం ఒత్తి పట్టుకుని, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ కూతురి పేరు రాశాడు.

"ఇదేటి బావా! నలుగురూ ఏటనుకుంటారు?"

"నీ కొడుకుని ఒకపాలి అడిగేరు. నా గుంటని రెండుపాల్లు అడిగేరు. రెండుపాల్లూ నిలబడింది. ఆ నలుగుర్నీ నా కాడికి రమ్మను."

బావ నోట అంత పొడుగు మాట శ్రీరామ్మూర్తి ఎన్నడూ వినలేదు.

"దానిదే బాగుంది మావా," అన్నాడు వీర్రాజు, నేల చూస్తూ.

బస్సులో మడతపడిన పలకను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు జగ్గారావు.

"ఏటి తాతా, పాత సామానా?" అన్నాడు కండక్టరు.

"పాతది కాదు. మా గుంట ఏసింది. సూడు."

కండక్టరు చూసి పక్కవాడికిచ్చాడు. పలక చేతులు మారుతూ వెనక సీటు దాకా పోయింది. గౌరీశ్వరి సిగ్గుపడి కిటికీ వైపు తిరిగింది. జగ్గారావు పలకను వెనక్కి ఇమ్మనలేదు. అందరూ చూడనీ అనుకున్నాడు.