అతను భోజనానికి వచ్చే రీలు

మా ఆయన పోయాక సినిమా క్లబ్బు వాళ్లు సంతాపసభ పెడతామన్నారు. నేను వద్దన్నాను. అయితే ఆయనకిష్టమైన సినిమా వేస్తాం, ముందుగా మీరు నాలుగు మాటలు చెప్పండి అన్నారు క్లబ్బు కార్యదర్శి. ఈ కార్యదర్శి వృత్తికి పళ్ల డాక్టరు. నోరు తెరిచి కూర్చున్నవాళ్లకు సినిమాల గురించి చెప్పడం డాక్టరు గారికి అలవాటు. వాళ్లు ఎదురు చెప్పే వీలుండదు. ఏ సినిమా అని నేను అడగలేదు. నాకూ మా ఆయనకూ ఉన్నది ఒక్కటే సినిమా, 'ఉప్పు మెట్లు'.

వెంటనే ఒప్పుకున్నాను. అందులో చనిపోయిన మనిషి ఒకడు ఇంటికి భోజనానికి వస్తాడు. ఈ కొద్ది నెలలుగా ఆ ఒక్క దృశ్యాన్ని పట్టుకునే రోజులు నెట్టుకొస్తున్నాను. పెద్ద తెర మీద దాన్ని ఇంకొక్కసారి చూడాలని ఉంది.

మొదటిసారి చూసినప్పుడు ఆ సినిమా నాకు బొత్తిగా నచ్చలేదు. అప్పటికి నేను బడిలో కొత్తగా చేరాను. తోటి టీచరు ఈ క్లబ్బు టికెట్టు ఇస్తే వెళ్లాను. పరాయి దేశపు సినిమా, తాళాలు చేసే ఒకతని కథ అది. అతని దుకాణం లోపల వాన పడుతూ ఉంటుంది, బయట వీధి మాత్రం పొడిగా ఉంటుంది. గుర్రం ఒకటి ఉప్పుతో కట్టిన మెట్లెక్కి, పైన తలుపు కనపడక మళ్లీ దిగి వస్తుంది. అతను చనిపోతాడు, తెల్లటి ఉప్పు నేల మీద నలుగురు మోసుకుపోతారు. తర్వాత చూస్తే ఇంటికొచ్చి చేతులు కడుక్కుని భోజనానికి కూర్చుంటాడు. భార్య తల ఎత్తకుండా వడ్డించి, ఉప్పు సరిపోయిందా అని అడుగుతుంది. ఆవిడ కాస్తయినా ఆశ్చర్యపోదు.

సినిమా అయ్యాక చర్చ పెట్టారు. ఈ దర్శకుడు మనందర్నీ వెర్రివాళ్లను చేసి, చాటున నిలబడి నవ్వుకుంటున్నాడని నేను అన్నాను. వెనక వరసలోంచి కళ్లజోళ్ల దుకాణం అతను లేచాడు.

"టీచరు గారూ, మీరు సినిమా చూడలేదు, దిద్దారు. ఆ ఎర్ర పెన్ను ఇంట్లో పెట్టేసి ఇంకోసారి రండి."

హాలంతా నవ్వింది. నేను మళ్లీ వెళ్లాను, అతని మాట తప్పని నిరూపించడానికే. ఆ తర్వాత ఏడాదికి అతన్నే పెళ్లి చేసుకున్నాను.

క్లబ్బుకు సొంతంగా ఉన్నది ఆ ఒక్క ప్రింటే కాబట్టి ఏటా దాన్నే వేసేవాళ్లు, ఏటా మేం వెళ్లేవాళ్లం. దర్శకుడి మీద నా అభిప్రాయం ఎప్పుడు మారిందో కచ్చితంగా చెప్పలేను. మా అత్తగారు చనిపోయాక ఆ ఏడాది చూసినప్పుడు, ఆ భార్య ఎందుకు ఆశ్చర్యపోదో తెలిసినట్టే అనిపించింది. పోయినవాళ్లు ఇంట్లోకి రావడానికి తలుపు తట్టరని, వాళ్లకు కంచం పెట్టడానికి కారణం అక్కర్లేదని ఆరోజు చర్చలో చెప్పాను. డాక్టరు గారు దాని మీద పత్రికలో పెద్ద వ్యాసమే రాశారు. భోజనం చేసి అతను మళ్లీ ఎటు పోయాడన్నది మా క్లబ్బులో ఎప్పటికీ తెగని వాదన.

మా ఇంట్లో మాత్రం అది వేళాకోళం కింద మిగిలింది. మా ఆయన దుకాణం మూసి ఆలస్యంగా వస్తే నేను కంచం పెట్టి, "ఉప్పు సరిపోయిందా?" అనేదాన్ని. "పోయినవాడికి రుచులేంటి, వడ్డించు" అనేవారు.

పాత ప్రింటు జిగురు పట్టి ఎప్పుడో పాడైపోయింది. ఆ దర్శకుడి దేశంలోనే ఎవరో అసలు నెగెటివ్‌ను బాగుచేసి కొత్తగా డిస్కు విడుదల చేశారని తెలిసి మా అమ్మాయి తెప్పించింది. తను వార్తల ఛానల్లో వీడియో ఎడిటర్. హాల్లో వేసే ముందు సరిగ్గా ఆడుతుందో లేదో చూద్దామని ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే పెట్టాం.

దుకాణంలో వాన పడింది. గుర్రం మెట్లెక్కింది, దిగింది. అతను ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాడు.

"అదేంటమ్మా, ఇతను ఇంకా పోలేదుగా?" అంది అమ్మాయి.

అతను భోజనం చేశాడు. ఆ తర్వాత చనిపోయాడు. నలుగురు మోసుకుపోయారు. తర్వాత భార్య ఒక్కతే దుకాణంలో కూర్చుని తాళాలన్నీ తీస్తూ ఉండగా వాన ఆగింది. డిస్కులోనే ఏదో పొరపాటు జరిగిందనుకున్నాను. అమ్మాయి నెట్‌లో అక్కడా ఇక్కడా వెతికి చూసి, అసలు సినిమా ఇంతేనని చెప్పింది. అసలు సినిమాలో ఎవరూ తిరిగి రారు.

మర్నాడు బడి అయ్యాక హాలుకు వెళ్లాను. ఆపరేటర్ బాబాయి కుర్చీలు మడిచి గోడకు ఆనిస్తున్నాడు. మా ప్రింటును మొదటిసారి వేసింది అతనే. సంగతి చెబితే కుర్చీ వదలకుండానే ఆ మొదటి ఆట కథ చెప్పాడు. రీళ్ల పెట్టెల మీద అంటించిన వరస అంకెల కాగితాలు దారిలో తడిసి ఊడిపోయాయట. తోచిన వరసలో వేసేశాడట. మరోసారి తికమక పడకూడదని, ఆట అయ్యాక అదే వరసలో పెట్టెల మీద రంగుతో అంకెలు వేసి పెట్టుకున్నాడట.

"రీలు తారుమారైతే జనమే చెబుతారు టీచరమ్మా. మామూలు సినిమాకి ఒకసారి అలా అయితే కుర్చీలు విరగ్గొట్టారు. మీవాళ్లేమో లైట్లు వెయ్యగానే చప్పట్లు కొట్టారు. కరెక్టుగానే వేశాననుకున్నా."

నవ్వొచ్చింది. మా ఆయన ఉంటే దీన్ని పట్టుకుని దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పి నవ్వేవారు. ఇల్లు చేరేసరికి ఆ నవ్వు పోయింది. ఇన్నాళ్లూ నేను పట్టుకున్నది ఊడిపోయిన ఒక కాగితం ముక్కను. ఏ తప్పూ చెయ్యని దర్శకుడి మీద కోపం వచ్చింది. బతికున్నప్పుడు తిన్నాడు, పోయాక మోశారు. ఈమాత్రం చెప్పడానికి అంత ఉప్పు ఎందుకు అనిపించింది. మొదటిసారి చర్చలో నేనన్నదే నిజమేమో అని కూడా అనిపించింది.

నా ముఖం చూస్తే అమ్మాయికి తెలిసిపోతుంది.

"మార్చేద్దామా అమ్మా? అటు ముక్క ఇటు, ఇటు ముక్క అటు. టీ చల్లారేలోపు అయిపోతుంది. అసలు వరసలో వేస్తే డాక్టరు గారు మంచం పడతారు."

"మార్చు," అన్నాను.

తను కంప్యూటరు ముందు కూర్చుంది. నేను వెనక నిలబడ్డాను. ఎక్కడ కొయ్యాలో చూసుకోవడానికి ఆ భోజనం దృశ్యాన్నే ముందుకీ వెనక్కీ తిప్పుతోంది. ఇన్నేళ్లూ ఆ దృశ్యంలో నేను అతన్నే చూశాను. చావు నుంచి లేచి వచ్చినవాడు ఎదురుగా ఉంటే ఇంకెవర్ని చూస్తాం? ఇప్పుడు చూపు భార్య మీద పడింది. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో మసిగుడ్డ. ధ్యాసంతా పొయ్యి మీద ఉన్నదాని మీదే. ఆవిడ ఆశ్చర్యపోకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. ఇంకా ఏమీ జరగలేదు. అతను రోజూ వచ్చేవాడే, రేపూ వస్తాడు. తల ఎత్తి చూడాల్సిన పని ఆవిడకేముంది?

మా ఆయన ఇంట్లో ఆఖరుసారి తిన్న ఉదయం నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ మధ్యలో లేచి కంచం పెట్టాను. ఆయన ఫోనులో వార్తలు చూసుకుంటూ తిన్నారు. ఉప్పు సంగతి ఇద్దరం ఎత్తలేదు. అందులో ఎవరి తప్పూ లేదు. మనుషులు ఇంట్లో ఉన్నప్పుడు అలాగే ఉంటుంది. మధ్యాహ్నం దుకాణం నుంచి ఫోను వచ్చింది.

"వద్దులే, అలాగే ఉంచు," అన్నాను.

"నాన్నకి ఇష్టమైంది ఆ వరసే కదమ్మా."

"అవును. కానీ ఇందులో అతను ఇంకా ఉన్నాడు."

అమ్మాయి తెర మీద ఆగిపోయిన బొమ్మ వైపు కాసేపు చూసి మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది.

ఆట రోజు హాలు దాదాపు నిండింది. నాకు ఇచ్చిన నాలుగు మాటల్లో, ఇది మా ఆయన చాలాసార్లు చూసిన సినిమా అని, ఈ డిస్కులో బొమ్మ శుభ్రంగా ఉందని, చూసిందే కదా అనుకోకుండా చూడమని చెప్పాను. రీళ్ల సంగతి ఎత్తలేదు. చెబితే అందరూ దిద్దడం మొదలుపెడతారు, ఎవరూ చూడరు.

అతను ఇంటికొచ్చి కుళాయి తిప్పగానే హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ముందు వరసలో డాక్టరు గారు లేచి నిలబడ్డారు. ప్రొజెక్టర్ వెలుగులో ఆయన బట్టతల నీడ అతని కంచం మీద పడింది.

"బాబాయ్, రీలు తప్పు వేశావు. ముందు శవం ఏదీ?"

"నేను నొక్కింది ఒకటే బటను డాక్టరు గారూ," అని గదిలోంచి బాబాయి గొంతు వినిపించింది. "అడిగేదేదో టీచరమ్మనే అడగండి."

అందరూ నా వైపు తిరిగారు.

"వరస ఇదే డాక్టరు గారూ," అన్నాను. "కూర్చోండి. మీరు అడ్డం ఉంటే అతను కనపడడు."

డాక్టరు గారు కూర్చున్నారు. కంచం మీద నీడ తొలగింది. అతను తడి చేతులు చొక్కాకు తుడుచుకుని కంచం దగ్గరికి జరుపుకున్నాడు. ఆవిడ వడ్డించింది. ఉప్పు సరిపోయిందా అని అడిగి పొయ్యి వైపు తిరిగింది. సరిపోయిందన్నట్టు అతను తలూపాడు. ఆవిడ చూడలేదు. నేను చూశాను.