బోర్డు తీసే అధికారం

మా ఆయన డాక్టర్ భీమశంకరరావు విజయనగరంలో నర్సింగ్ హోం పెట్టాక, ప్రతి పనికీ ఒక రూలు రాయించి గోడకి కొట్టించారు. మంచి రూల్సే, వాటివల్ల మనుషులు బతికారు. జీతాల దగ్గరికొచ్చేసరికి మాత్రం రూలు లేదు, ఆయన ఇష్టం.

పద్మకుమారి అక్కడ నర్సు. కత్తెరలు మరగబెట్టడం, కుట్లకి ముందు గుడ్డలు లెక్క చూడ్డం, కొత్తగా చేరిన సోములుకి అవన్నీ నేర్పడం, అంతా ఆవిడే. సోములు నేర్చుకోగానే మా ఆయన అతన్ని ఇన్‌ఛార్జిని చేసి జీతం పెంచారు.

"అతనికెంతో నాకూ అంత ఇప్పించండి" అని ఆవిడ అడిగింది.

"నీకేమమ్మా, మొగుడు గరివిడి ఫ్యాక్టరీలో సంపాదిస్తున్నాడు. అతనికి హెల్పరువి, హెల్పరులా ఉండు" అన్నారు, నలుగురి ముందూ.

"అలాగేనండి" అంది. ఆ అనడం చూసి నాకు భయమేసింది. కాస్త సంతోషం కూడా వేసింది.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది వేసవిలో ఆయనకే అపెండిసైటిస్ వచ్చింది. విశాఖపట్నం నుంచి స్నేహితుడొచ్చి కోసి, కుట్టి, సాయంత్రం రైలుకి వెళ్ళిపోయాడు. మంచం తలాపున "నోటికి ఏమీ ఇవ్వరాదు" అని బోర్డు వేలాడింది. రూలు ఆయనదే. పొట్ట కోసిన రోగికి కిందనుంచి గాలి పోయేదాకా చుక్క నీళ్ళివ్వకూడదు. నర్సు గంటగంటకీ అడుగుతుండాలి. ఇన్‌ఛార్జి రూఢి చేసుకుని బోర్డు తీస్తేనే ఏదైనా నోట్లోకి.

మర్నాడు బట్టలకొట్టు నగరేశ్వరరావుగారు ఇద్దరు పెద్దమనుషులతో పరామర్శకొచ్చారు. పద్మకుమారి గుమ్మంలో నిలబడి, "డాక్టరుగారూ, గాలి పోనాదా అండి?" అంది. గంటస్తంభం దాకా వినపడే ఉంటుంది.

పెద్దమనుషులు పైకప్పుకేసి చూశారు. నగరేశ్వరరావుగారికి దగ్గొచ్చింది.

"లేదు" అన్నారు మా ఆయన, గోడవైపు తిరిగి.

ఇంకో గంటకి మా ఆడపడుచు అత్తగారి ఎదుట ఇదే ప్రశ్న.

మధ్యాహ్నానికి పోయింది. నేనే సాక్షిని. నా చేతిలో ఫ్లాస్కు చూసి, "కాఫీ పొయ్యి" అన్నారు.

"బోర్డు ఉన్నాదండి" అంది పద్మకుమారి.

"తియ్యి."

"ఇన్‌ఛార్జి తియ్యాలండి. సోములు మేనల్లుడి పెళ్ళికి కోటబొమ్మాళి ఎల్లాడు. ఎల్లుండి వస్తాడు."

"పోయిందని చెబుతున్నాగా. నేను డాక్టర్ని."

"ఇప్పుడు పేషెంటండి. పేషెంటు మాట పట్టుకుని బోర్డు తియ్యొద్దని మీరే రాసినారు. హెల్పర్ని, నాకేటి తెలుస్తాది?"

ఆయా తవిటమ్మ ఊడ్వడం ఆపి, "సెలైను ఎక్కతన్నాది కదమ్మా, అయ్యగారికేటీ అవదు" అని నాకు ధైర్యం చెప్పింది.

ఆయన నావైపు చూశారు. రూలు నాకు లేదు గనక నేను కాఫీ వంపుకుని తాగాను. గదంతా వాసన.

"ఏం కావాలే నీకు?" అన్నారు చివరికి, పద్మకుమారితో.

"సోములుకెంతో అంత, ఈ నెల నుంచే. నేనూ ఇన్‌ఛార్జినని అందరి ముందూ సెప్పాల."

అందర్నీ నేనే పిలుచుకొచ్చాను. వంటావిడతో సహా. ఆయన పడుకునే చెప్పారు, రెండుసార్లు, ఎందుకంటే తవిటమ్మ వినపడలేదంది.

పద్మకుమారి ఆయన పొట్టమీద స్టెతస్కోపు పెట్టి, తీరిగ్గా విని, బోర్డు తీసింది.

"ఇంక కాఫీ."

"మొదటిపూట బార్లీ నీళ్ళేనండి, చెంచాతో. కాఫీ రేపు" అంది ఇన్‌ఛార్జి.

ఫ్లాస్కులో మిగిలింది ఆవిడా నేనూ సగం సగం పోసుకున్నాం. ఆయనకెదురుగా కుర్చీలు వేసుకునే తాగాం.