ఉత్త ద్రావకంలో గీత

ఆ గదికి కిటికీ లేదు. అణువుల బరువు తూచే యంత్రం ఉందక్కడ. కెమిస్ట్రీ స్కాలర్లందరూ సీసాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాల్సిందే. అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు. అక్క సెలవు అడిగితే చాలు, పెద్దసారు ఒంటిమీద తేళ్లు పాకినట్టు ఎగిరిపడతాడు.

అక్క మొగుడూ కూతురూ వేరే ఊళ్లో ఉంటారు. కాళ్లరిగేలా తిరిగితే ఇన్నాళ్లకు అక్కడికి బదిలీ అయింది. రేపు పొద్దున చేరకపోతే ఆ ఉత్తర్వు చిత్తుకాగితమే. మొగుడు కూతుర్ని వెంటబెట్టుకుని కారు తెచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు.

ఆఖరి సీసా ఓ అమ్మాయిది. తెర మీద గీత నిటారుగా లేచింది.

"వచ్చేసిందక్కా! నేను వెతుకుతున్న బరువే! వైవా గట్టెక్కినట్టే!" గంతులేస్తూ బయటికి పరుగెత్తింది.

గీత మరీ పొడుగ్గా ఉంది. అక్కకు అనుమానం పీకింది. ఏమీ కలపని ఉత్త ద్రావకం పంపి చూసింది. ఏ గీతా రాకూడని చోట అదే గీత.

ఆ పిల్ల ల్యాబ్‌లోనే ఉండే పొడుగాయన అదే పదార్థాన్ని పొద్దున తెచ్చాడు. ఇప్పుడు ఫలితాల కాగితాల కోసం వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"పలచగా కలిపానన్నావే?"

"కాస్త చిక్కగానే... కనపడదేమోనని."

"కనపడ్డావులే నాయనా. ఇక అందరి సీసాల్లోనూ నువ్వే కనపడతావు."

అతని పదార్థం యంత్రం లోపలంతా అంటుకుపోయింది. యంత్రం ఆపాలి. విప్పి కడగాలి. లోపలి గాలంతా మళ్లీ తోడేసరికి రెండు రోజులు. ఆమె చోటికి వచ్చిన కొత్తాయనకు మీటలు నొక్కడం మాత్రమే వచ్చు.

పొడుగాయన గొంతు తగ్గించాడు. "ఆ పిల్ల సంతోషంగా ఉంది. మీవాళ్లు గేటు దగ్గరున్నారు. నేను నోరు మెదపను. వెళ్లిపోండక్కా."

బ్యాగు భుజాన వేసుకుంది. తలుపు దాకా వెళ్లింది. ఆ పిల్ల ఈ గీత పట్టుకుని పెద్దల ముందు నిలబడుతుంది. ఉత్త ద్రావకం పంపి చూశావా అని ఎవరో ఒకరు అడుగుతారు.

"దాన్ని వెనక్కి పిలువు," అంది.

అమ్మాయి విని తెర మీది గీతపై వేలు పెట్టింది. "మరి నాది రాలేదా, అక్కా?"

"ఏమో తల్లీ. కడిగాక చూద్దాం."

ఏళ్లుగా రొద పెడుతున్న, గాలి తోడే పంపు ఆగింది. ఫోన్ మోగింది.

"ఏమే, ఇంకా దిగలేదా?"

"మీరు పోండి. మెషీన్ పాడైంది."

"రేపు చేరకపోతే పోతుంది కదే!"

"పోతుంది."

అవతల ఫోన్ చేతులు మారింది. కూతురి గొంతు. "అమ్మా, ముందు సీటు నీకే ఉంచాను."

"నువ్వే కూర్చో బంగారం. బెల్టు పెట్టుకో."

చేతి తొడుగులు వేసుకుంది. మొదటి మర బిగుసుకుపోయి ఉంది.