మంచివి ముందుకి

నేను ఒక టైరుని. రోడ్డు మీద రోజూ చూసే టైర్ల లాంటిదాన్ని కాదు, మెత్తటి రబ్బరుదాన్ని. గోటితో నొక్కితే గుంట పడుతుంది. నా ఒంటి మీద గాడులు తక్కువ, ఉన్నవాటికీ లోతు లేదు. ఎండలో, పొడి నేల మీద నాలా పట్టు చిక్కించుకునే టైరు ఇంకోటి లేదు. నేల తడిసిందా, నన్ను నమ్మకండి. ఇది నేనిప్పుడు కొత్తగా చెబుతున్న మాట కాదు. ఫ్యాక్టరీలో నన్ను అచ్చులో ఉడికించినప్పుడే "తడి దారిలో వాడరాదు" అని నా పక్కన గుద్దారు. మనుషులు పకోడీల పొట్లం విప్పి ఆ కాగితం మీది రాతైనా చదువుతారు గానీ టైరు మీద రాత చదవరు.

నన్నూ నా జంటనీ బెజవాడ ఆటోనగర్లో మస్తాన్ వలీ షాపులో పైన కొక్కేనికి వేలాడదీశారు. ఒకరోజు లోకనాథ్ వచ్చాడు. ఏసీలు బాగుచేసే కుర్రవాడు. వాడి దగ్గర పాత కాంటెస్సా కారు ఉంది. మామూలు రోజుల్లో అందులో తల్లిని షుగరు పరీక్షకి తీసుకెళతాడు. నెలకో ఆదివారం ఊరి బయట విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే మీద దాన్ని పందెంలో పరిగెత్తిస్తాడు. తిన్నని దారి, పావు మైలు, ఎవరు ముందు చేరితే వాళ్ళది గెలుపు. అంతే. దానికోసం ప్రాణాలు పణం పెడతారు.

లోకనాథ్ కళ్ళు పెద్ద మెరుపు చక్రాల మీద పడ్డాయి. మస్తాన్ నవ్వాడు.

"అవి పెళ్ళి ఊరేగింపుకి బాగుంటాయి తమ్ముడూ. పరుగుకి చక్రం చిన్నది కావాలి, టైరు పక్కగోడ ఎత్తుగా ఉండాలి. బయల్దేరేటప్పుడు అది నలిగి నేలని కరుచుకోవాలి."

"రోడ్డుకీ, పందేనికీ రెండింటికీ పనికొచ్చేది ఒక్కటి లేదా భాయ్?"

"ఒక్క చెప్పుతో పొలానికీ, పెళ్ళికీ పోతావా?"

చివరికి మా ఇద్దర్నీ పందేనికని, లోతు గాడులున్న ఇంకో జతని రోడ్డుకని తీసుకున్నాడు. అన్నీ వెనక చక్రాలకే. ముందువి పాతవే, బాగా అరిగినవి. "పందెం అవగానే వెనకవి మార్చుకునే రోడ్డెక్కు. మర్చిపోకు" అని మస్తాన్ రెండుసార్లు చెప్పాడు.

వాడి వెనకే తల్లి నాంచారమ్మ నిలబడి ఉంది. నన్ను నొక్కి చూసి, "ఇంత మెత్తగా ఉంటే పేలదా తమ్ముడూ?" అంది. ఆ ప్రశ్నలో భయం కొత్తది కాదని తర్వాత తెలిసింది. ఆమె భర్త లారీ డ్రైవరు. ముందు టైరు పేలి ప్రాణం పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి ఆమెకి లోకంలో టైరంటే ముందుదే.

మొదటి ఆదివారం నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టింది. వద్దంటే వినే కొడుకు కాదు, కనీసం కళ్ళ ముందు ఉంటాడని ప్రతి పందేనికీ వెనక సీట్లో కూర్చుని వచ్చేది. పొడి దారే కదా అని లోకనాథ్ మమ్మల్ని ఇంటి దగ్గరే బిగించుకుని బయల్దేరేవాడు, కాబట్టి ఆమె కూర్చునేది సరిగ్గా నా పైన. ఆమె గొణుక్కునే మొక్కులన్నీ నాకే వినపడేవి. అక్కడ మాత్రం దిగి గట్టు మీద నిలబడేది. పందేనికి ముందు మమ్మల్ని ఉన్నచోటే గిరగిరా తిప్పి వేడెక్కిస్తారు, పొగ లేస్తుంది. మొదటిసారి అది చూసి, "ఒరేయ్, కాలిపోతోందిరా!" అని పరిగెత్తుకొచ్చి మజ్జిగ సీసా మొత్తం నా మీద పోసింది. అందరూ పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు. నా కోసం అంత భయపడ్డవాళ్ళు అంతకుముందు లేరు, తర్వాతా లేరు.

ఆఖరి పందెం శ్రావణంలో. లోకనాథ్ గెలిచాడు. ఆకాశం నల్లబడింది. వాడు జాకీ తీసి, డిక్కీలోంచి గాడుల టైర్లు దొర్లించుకొచ్చాడు. నాంచారమ్మ వంగి ముందు చక్రాలు తడిమింది.

"ఇవి గుండు గీసినట్టున్నాయి కదరా! ఆ మంచివి ముందుకెయ్యి."

"బండిని తోసేవి వెనకవమ్మా. వానలో జారితే అవే జారతాయి."

"నువ్వు కూర్చునేది ఎక్కడ? ముందే కదా?"

"అమ్మా, చెబితే వినవేం?"

"మీ నాన్నకి ఏ టైరు పేలింది?"

వాడు తల తిప్పుకుని జాకీ బిగించసాగాడు.

"నా మీద ఒట్టు. ముందుకెయ్యి."

తల మీద చెయ్యి పెట్టుకుని మరీ అంది. పావు మైలు మొనగాడు ఆ ఒక్క మాటకి కూలబడ్డాడు. మంచివి ముందుకెక్కాయి. మేం వెనకే ఉండిపోయాం.

నేను ఎంత అరిచానో ఎవరికి తెలుసు! టైరు అరుపు రోడ్డు మీద రాసుకున్నప్పుడే వినపడుతుంది. అప్పటికి ఆలస్యం అయిపోతుంది.

కాలవ వంపు దగ్గర వాన అందుకుంది. నా కింద నీళ్ళు పొరలా నిలిచాయి. వాటిని తోసెయ్యడానికి నాకు గాడులేవి? ముందువి గట్టిగా పట్టుకున్నాయి, నేను వదిలేశాను. బండి తోక తిరిగింది. వెనకభాగం తూము గోడకి కొట్టుకుంది. నా పక్కగోడ చీరుకుపోయింది. నా పైన కూర్చున్న మనిషికి నడుము విరిగింది.

ముందు కూర్చున్నవాడికి గీత కూడా పడలేదు. ఆమె కోరుకున్నదీ అదే.

ఆసుపత్రిలో స్పృహ రాగానే, "చూశావా, మంచివి ముందుకి వేయించబట్టి నువ్వు దక్కావు" అందట. లోకనాథ్ "అవునమ్మా" అన్నాడట. ఆ సంగతి మస్తాన్‌కి చెప్పి, చీరుకుపోయిన నన్ను ఆనుకుని ఏడ్చాడు. కారు అమ్మేశాడు. నేను మస్తాన్ షాపు పక్కన తుక్కులో పడ్డాను.

నిన్న సాయంత్రం ఆమెని చక్రాల కుర్చీలో తీసుకొచ్చాడు, చక్రాలకి గాలి పట్టించడానికి. అక్కడ ఒక టాక్సీ అతను రెండు కొత్త టైర్లు కొంటున్నాడు.

"మంచివి ముందుకి వేయించు నాయనా. మా వాడు అందుకే బతికి బయటపడ్డాడు" అంది నాంచారమ్మ.

"పెద్దావిడ చెప్పింది. ముందుకే వెయ్యి భాయ్."

మస్తాన్ లోకనాథ్ వంక చూశాడు. వెనక వెయ్యాలంటే ఎందుకని ఆమె అడుగుతుంది. ఎందుకో చెబితే ఆమెకి ఆ కుర్చీలో ఇంకేం మిగులుతుంది? లోకనాథ్ నా వంక చూసి తల దించుకున్నాడు. మస్తాన్ ముందుకే బిగించి, "రేపు పొద్దున్నే ఒకసారి రా, బిగింపు చూడాలి" అన్నాడు టాక్సీ అతనితో.

ఆమె లేనప్పుడు వెనక్కి మార్చాలని కాబోలు. రేపట. చినుకులు అప్పుడే మొదలయ్యాయి. ఆ టాక్సీలో వెనక ఎవరి తల్లి ఎక్కుతుందో, వాన ఏ వంపులో అందుకుంటుందో అని రాత్రంతా నాకు ఒకటే దిగులు.

వాళ్ళిద్దరూ బయల్దేరేసరికి షాపు ముందు వాలు తడిసింది. కుర్చీ దానంతట అదే కిందికి జారబోయింది. "మెల్లగా నాన్నా, ముందు చూసుకో" అంది ఆమె. లోకనాథ్ మడమలు నేలకి తన్నిపెట్టి, రెండు చేతులతో వెనకనుంచి బిగబట్టుకున్నాడు.