డాగుల సీసా

లక్ష్మీరాజం గోడాదరాలో మరమగ్గాలు బాగుచేసే జాబరు. మొండికేసిన మగ్గాన్నే దారికి తెచ్చేవాడికి మోటార్‌సైకిల్ ఒక లెక్కా అన్నది అతని ధీమా. అందుకే పాత బండికి ట్యాంకు కింది పెట్రోలు కాక్ కారడం మొదలైనప్పుడు మెకానిక్ గడప తొక్కలేదు. బజారులో కంపెనీది కాని కాక్ ఒకటి, దానికి తోడు కార్బురేటరు కొనుక్కొచ్చి, సెలవునాడు వాకిట్లో కూర్చుని తనే బిగించాడు. పాత కాక్ పిడిని కిందికి తిప్పితే పెట్రోలు దిగేది, పక్కకు తిప్పితే ఆగేది. కొత్తదాని అభిప్రాయం ఎవరూ అడగలేదు.

ఒక్క కిక్కుకే బండి లేచింది. వాడకట్టంతా వినేదాకా దాన్ని ఆపలేదు.

ఆ తర్వాతే పెట్రోలు మాయం కావడం మొదలైంది. సాయంత్రం నిండుగా ఉన్న ట్యాంకు తెల్లారేసరికి డొల్లగా మోగేది. ఎవరో పీల్చుకుపోతున్నారని పక్కింటి సోమలింగం తేల్చాడు. లక్ష్మీరాజం అనుమానం మాత్రం తన ఇంట్లోకే నడిచింది.

ఇంట్లో అత్త వెంకటవ్వ ఉంది. సేటు పంపే చీరల మీద పడ్డ మగ్గం నూనె డాగులను, పెట్రోలులో ముంచిన గుడ్డతో తుడవడం ఆమె పని. ఆ పెట్రోలు కూడా సేటే చిన్న సీసాలో పోసి పంపుతాడు. ఆమె చేతులు ఎప్పుడూ ఆ వాసనే వేస్తాయి. సాక్ష్యం అంటే అంతకన్నా ఏం కావాలి?

అత్తా అల్లుడూ ముఖాముఖి మాట్లాడుకోకపోవడం ఆ ఇంటి మర్యాద. ఆమె తలుపు చాటున, అతను కుర్చీలో, మధ్యలో అతని భార్య పద్మారాణి. ఒకరి మాటను, దాన్ని అప్పటికే విన్న రెండోవాళ్లకు అప్పజెప్పడం ఆమె వంతు. టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఇంత పని చేసి ఉంటే ఈపాటికి పెద్ద ఆఫీసరయ్యేది.

ఆ పొద్దున లక్ష్మీరాజం వాకిట్లో, సోమలింగం ముందు, మరో నలుగురు నీళ్లు పట్టుకుంటుండగా పెళ్లాంతో అన్నాడు. "మీ అవ్వకు జెప్పు. సేటు ఇచ్చింది చాలకపోతే నన్ను అడగుమను. ట్యాంకిల చెయ్యి పెట్టుడేంది?"

ఈసారి పద్మారాణి ఎవరికీ ఏమీ అప్పజెప్పలేదు. తలుపు చాటున అంతా విన్న వెంకటవ్వ సేటు చీరలు, డాగుల సీసా మూటగట్టుకుని, అమ్రోలిలో ఉన్న కొడుకు రవీంద్ర ఇంటికి వెళ్లిపోయింది.

ఆమె లేని మొదటి రాత్రి గడిచింది. తెల్లారి చూస్తే ట్యాంకు అడుగంటింది.

లక్ష్మీరాజం బండి పక్కన గొంతుక్కూర్చున్నాడు. కార్బురేటరు కింది సన్న గొట్టం కొసన ఒక బొట్టు వేలాడుతోంది. చూస్తుండగానే అది కింద మురుగునీళ్ల మోరీలో పడింది. కాక్ నుంచి వచ్చే రబ్బరు గొట్టం ఊడదీసి చూశాడు. పిడి పక్కకు ఉంటే మిగిలిన కాస్త పెట్రోలూ చేతి మీదికి కారింది, పైకి తిప్పితే ఆగింది. అంటే రోజూ బందు చేశాననుకుని, రాత్రంతా తెరిచిపెట్టింది తనే. నిండాక పెట్రోలును అడ్డుకోవలసిన కార్బురేటరు సూది కూడా దొంగసరుకే, సరిగా మూయదు. మోరీ మాత్రం ఎవరికీ చెప్పకుండా తాగుతూ వచ్చింది.

సబ్బు పెట్టి ఎంత రుద్దినా చేతి వాసన పోలేదు.

"అవ్వకు కబురు పంపు, రమ్మని" అని గొణిగాడు లోపలికొచ్చి.

పద్మారాణి రొట్టె మీంచి తల ఎత్తలేదు. "నింద నాతోటి పంపినవ్. తప్పయిందన్న మాట నువ్వే మోసుకపో."

సోమలింగాన్ని అడిగి ఇంత పెట్రోలు పోయించుకున్నాడు.

"దొంగ దొరికిండా అన్నా?"

"దొరికిండు."

"ఎవడు?"

లక్ష్మీరాజం కిక్కు మీద కాలు పెట్టి, తల వంచుకుని, అవసరానికి మించి తొక్కాడు.

అడుక్కున్న పెట్రోలు అమ్రోలి సందు మొదటిదాకానే వచ్చింది. మిగతా సందంతా బండిని తోసుకుంటూ నడిచాడు. రవీంద్ర మగ్గాల మీదికి పోయాడు, అతని భార్య నల్లా దగ్గర నీళ్లు పడుతోంది. ఓరగా వేసిన తలుపు వెనక వెంకటవ్వ కొంగు కనిపించింది. మధ్యలో నిలబడడానికి మనిషన్నవాడు లేడు. ఎవరైనా వస్తారేమోనని సందు అటూ ఇటూ చూశాడు. రాలేదు.

"అత్తా" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ పిలుపు అదే మొదలు. "పెట్రోలు మోరీల పోయింది. కాక్ తప్పు బిగించింది నేనే. నలుగురి ముంగట నిన్ను అన్న. తప్పు నాది. ఇంటికి రా."

అతను తన చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు.

చివరికి లోపలి నుంచి గొంతు వినిపించింది, అతనితో కాదు. "ఓ గోడా, అల్లుడు బండి నూకుకుంట వచ్చిండు. జర కూసోమను."

తలుపు సందులోంచి ఒక చెయ్యి వచ్చి, డాగుల సీసా గడప మీద పెట్టింది.

"ఇది సేటు ఇచ్చింది. ట్యాంకిల పోసుకొమ్మను. సగం ఉంచుమను గోడా, ఇంకా డాగులున్నయ్."

"నువ్వు రావా అత్తా?"

"బస్సుల వస్తనని చెప్పు. ఆ బండి వాసన నాకు పడదు."

అతను సీసా తీసుకున్నాడు. పోస్తుంటే కొంత అంగీ మీద ఒలికింది. సగానికి ఆపి, బిరడా గట్టిగా బిగించి, సీసాను తలకిందులు చేసి చూశాడు. కారడం లేదు. మళ్లీ ఒకసారి చూసి, గడప మీద, ఆమె పెట్టిన చోటనే పెట్టాడు.